పదకొండు గంటల చెరువు

జీపు ఆఫీసు గేటు దాటిన సమయం ఉదయం 9 గంటల 48 నిమిషాలు. అనకాపల్లి నుంచి ఆ చెరువు అలుగు వరకు దూరం 17.4 కిలోమీటర్లు. నీటి నమూనా తీసిన సమయం 11 గంటల 6 నిమిషాలు. నీటి ఉష్ణోగ్రత 26.5 డిగ్రీలు. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ లీటరుకు 7.8 మిల్లీగ్రాములు. చెరువు విస్తీర్ణం యాభై ఏడు ఎకరాలు. ఈ అంకెల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. ఈనాటికీ ఎవరైనా నా నోటుపుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు. ఈ అంకెలన్నింటినీ కలిపి నేను గీసిన పటం మాత్రం తప్పు.

కంప్యూటరులో పటాలు గీసే జీఐఎస్‌లో శిక్షణ పొంది, ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకుని, కొత్తగా ఈ పనిలో చేరుతున్న మీలో కొందరు ఈమధ్య నన్ను కలిసి, ఉద్యోగంలో మీరు సాధించిన గొప్ప పటం ఏది అని అడిగారు. గొప్ప పటం గురించి చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. తప్పు పటం గురించి చెప్పడానికి చాలా ఉంది. అదే చెబుతాను.

జిల్లా కొత్తగా ఏర్పడిన తరువాతి రెండో చలికాలం. నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి. జిల్లాలోని గెడ్డలనే చిన్న వాగులు, కాలువలు, చెరువుల్లో ఏవి ఎంత కలుషితమయ్యాయో కొలిచి, ఒకే పటం మీద చూపడం మా విభాగానికి అప్పగించిన పని. పద్ధతి మీకు తెలిసినదే, తెలియనివారి కోసం రెండు ముక్కలు. నీరు తీసిన ప్రతి చోటునూ అక్షాంశ రేఖాంశాలతో కంప్యూటరులో ఒక బిందువుగా గుర్తిస్తాం. ఆ బిందువుకు ఆ నీటి కొలతలను జత చేస్తాం. బిందువుకూ బిందువుకూ మధ్య ఉన్న ఖాళీని కంప్యూటరు తానే అంచనా వేసి రంగుతో నింపుతుంది. మంచి నీటికి ఆకుపచ్చ, అనుమానానికి పసుపు, చెడ్డ నీటికి ఎరుపు. ఇక్కడ జాగ్రత్తగా వినండి: మనం చెయ్యి పెట్టని నీటికి కూడా అది రంగు వేస్తుంది, అంతే నమ్మకంగా, అంతే నునుపుగా.

మా బృందంలో ముగ్గురం. నేను. నీటి పరీక్షలు చేసే కెమిస్టు, ముప్పై ఏళ్ళలోపు అమ్మాయి, 7.84 అని వస్తే 7.8 అని రాయడానికి కూడా ఆమె ప్రాణం ఒప్పుకునేది కాదు. మూడవ మనిషి జీపు డ్రైవరు, నక్కపల్లి దగ్గరి ఊరివాడు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. జిల్లాలో ఏ గెడ్డ మీద ఏ కల్వర్టు ఎక్కడుందో అతనికి తెలుసు. ఆ కల్వర్టుకు ఎదురుగా టీ ఎవరు బాగా పెడతారో ఇంకా బాగా తెలుసు.

పదకొండు నెలల్లో అరవై రెండు చోట్ల నీరు తీశాం. పటం సిద్ధమైంది. దాదాపు నా ఎత్తున్న కాగితం మీద అచ్చు వేయించాం. చూసినవాళ్ళంతా మొదట మందుల ఫ్యాక్టరీలున్న పరవాడ వైపే వేలు పెట్టి, అక్కడ ఎంత ఎరుపు ఉందని అడిగేవారు. ఆ వైపు సంగతి వేరు. అది చెప్పవలసిన వాళ్ళు వేరే ఉన్నారు. నాకు గర్వం కలిగించింది పటంలోని ఆకుపచ్చ భాగం. చెరుకు తోటల మధ్య ఒక్క ఫ్యాక్టరీ కూడా లేని చెరువులు, పచ్చగా, తమలపాకుల్లా. మా పై అధికారి ఆ పటానికి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. వచ్చినవాళ్ళు మాట్లాడుతూ ఆయన తల చుట్టూ ఉన్న పచ్చదనాన్ని చూసేవారు.

పటం విడుదలైన పద్దెనిమిదో రోజున ఒక మనిషి మా విభాగానికి వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఎండకు కమిలిన ముఖం, మోకాళ్ళ దాకా ఆరిన బురద. నేను మొదట చెప్పిన యాభై ఏడెకరాల చెరువులో చేపల పెంపకం లీజుకు తీసుకున్నది అతనే. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడతలు పెట్టిన నా పటం నకలు.

"ఈ బొమ్మ గీసినోరు మీరేనా బాబూ?"

"నేనే. కూర్చో."

"కూకోడానికి రాలేదు బాబూ. మా సెరువుకి పచ్చరంగేసేరు. ఎందుకేసేరో సెప్తే ఎల్లిపోతాను."

నేను నోటుపుస్తకం తీసి, 11 గంటల 6 నిమిషాలకు 7.8 అని చూపించి, చేపకు ఐదు ఉంటే చాలునని, ఇతని చెరువులో ఎనిమిదికి దగ్గరగా ఉందని వివరించాను. అతను ఓపికగా విన్నాడు.

"అంకెలు బాగున్నాయి బాబూ," అన్నాడు. "సేపలే బాగోలేవు."

విషయం ఇది. ఆ చలికాలంలో అతని చేపలు రెండుసార్లు గుంపులుగా చనిపోయాయి. ఎక్కడినుంచో చెడునీరు వస్తోందని అతను అర్జీ పెట్టుకున్నాడు. అర్జీకి జవాబుగా మా ఆఫీసు నా పటాన్నే పంపింది: చెరువు నీరు బాగుంది, కాలుష్యం లేదు. ఆ తరువాత మూడోసారి చేపలు పోయాయి. నీరు మంచిదైతే చేపలు ఎందుకు చస్తాయి? లీజుదారుడే ఏదో చేసి ఉండాలి. తొందరగా పెరగాలని కోళ్ళఫారం చెత్త పోశాడని కొందరు, చేపలు తేలిగ్గా పట్టడానికి మందు కలిపాడని కొందరు. తొమ్మిది రోజుల్లో ఊరి సమావేశం. అక్కడ అతని లీజు రద్దు చేస్తారు. సర్పంచి చేతిలో ఉన్న ఏకైక సాక్ష్యం నా పచ్చ పటం.

"మా ఊళ్ళో నన్ను సెరువులో మందెట్టినోడంటన్నారు బాబూ. మా ఇంటిదాన్ని కుళాయికాడ ఎవులూ పలకరించట్లేదు. లీజు పోతే పోనీండి. ఈ మాట పోదు కదా."

అతను వెళ్ళిపోయాడు. పటం నకలు నా బల్ల మీదే మరచిపోయాడు, లేదా కావాలనే వదిలేశాడు. సంతకం కోసం లాగ్‌బుక్కు తెచ్చిన డ్రైవరు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇన్ని నెలలు మాతో తిరిగినా, పటాన్ని దగ్గరగా చూడడం అతనికి అదే మొదటిసారి.

"ఇదేటి సార్, నా టీ కొట్లన్నీ ఏసీసేరు?"

"ఏమిటి?"

"ఇదిగో సూడండి. ఇది రైలుగేటు కాడ ముసలమ్మ కొట్టు. ఇది అల్లం టీ. ఇది పకోడీలోడు. ఇక్కడ టీ బాగోదు గాని నీడుంటాది, బండి ఆపుతాను." అలా ఒక్కొక్క బిందువు మీదా వేలు పెట్టుకుంటూ పోయాడు. "మీరు నీళ్ళ బొమ్మ గీసేరనుకున్నాను సార్. నా బండి బొమ్మ గీసేరా!"

కెమిస్టు తన బల్ల దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గింది. నాకు నవ్వు రాలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, ప్రతి బిందువూ తారురోడ్డుకు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టమన్నాను. నాలుగు నిమిషాలు పట్టింది. అరవై రెండింటిలో యాభై ఏడు బిందువులు తారురోడ్డుకు నలభై మీటర్ల లోపలే ఉన్నాయి. తరువాత సమయాలు చూశాను. అన్నింటిలోకీ పెందలాడే తీసిన నమూనా ఉదయం 10 గంటల 21 నిమిషాలది. నాలుగు నిమిషాల్లో చేయగలిగిన ఈ పరీక్షను పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా చేయలేదు.

"అయితే ఏమవుతుంది?" అని కెమిస్టును అడిగాను, ఏమవుతుందో తెలిసే.

"ఎండ ఉన్నంతసేపూ నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది సార్. చీకటి పడ్డాక అదే నాచు దాన్ని తినేస్తుంది. ఎక్కడైనా కుళ్ళే పదార్థం కలిస్తే సూక్ష్మజీవులు ఇంకా తినేస్తాయి. చెరువులో అన్నిటికన్నా తక్కువ ఆక్సిజన్ ఉండేది తెల్లవారేముందు. మనం వెళ్ళే టైముకి బాగా పెరిగి ఉంటుంది. పైగా మనం తీసింది అలుగు దగ్గర. అక్కడ నీళ్ళు కిందికి దూకుతూ గాలి కలుపుకుంటాయి."

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను సార్, జూన్‌లో. జీపు తొమ్మిదిన్నరకు గాని రాదు కదా అన్నారు."

అన్నాను. నాకు గుర్తుంది. జీపు తొమ్మిదిన్నరకు రావడం, టిఫిను అయ్యాక బయలుదేరడం, బండి నిలిచే చోట నీరు తీయడం మా ఆఫీసులో నిబంధనలు కావు. అంతకన్నా బలమైనవి, అలవాట్లు. ఆ అలవాట్లకు మేము అక్షాంశ రేఖాంశాలు జోడించి, రంగులు పూసి, ఫ్రేము కట్టించాం.

పై అధికారిని కలిసి, పటంలో ఆ చెరువు రంగు నమ్మదగినది కాదు, మళ్ళీ కొలవాలి అన్నాను. ఆయన మంచివారే, కానీ పచ్చని దాన్ని ఎర్రగా చేసినవాడికి సన్మానం జరిగిన సందర్భం తన సర్వీసులో చూడలేదన్నారు. "మీ బాధ్యత మీద చేయండి. తెల్లవారుజామున జీపుకు అనుమతి మాత్రం నేను రాయలేను." తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న డ్రైవరు, బండి కడగాలనే మిషతో ఆ రాత్రినుంచే జీపును తన ఇంటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆ వారం జీపు మెరిసిపోయింది.

మొదటిసారి మేము చెరువు గట్టు చేరేసరికి ఉదయం 4 గంటల 58 నిమిషాలు. లీజుదారుడూ అతని భార్యా అప్పటికే అక్కడున్నారు. థర్మోకోలు దిమ్మలు కట్టిన తెప్ప మీద కెమిస్టును కూర్చోబెట్టి అతను లోపలికి తీసుకుపోయాడు. ఆమె ఆక్సిజన్ మీటరు చూసి అంకెలు కేక వేస్తుంటే గట్టు మీద నేను రాసుకున్నాను. అలుగు దగ్గర 4.6. చెరువు మధ్యలో 2.3. అలుగుకు ఏడు వందల ఇరవై మీటర్ల దూరంలో, రోడ్డు లేని ఈశాన్య మూలలో 0.9. వెలుతురు వచ్చేసరికి ఆ మూలన శీలావతి, బొచ్చె చేపలు నోళ్ళు నీటిపైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. అక్కడ నీటికి పులిసిన చెరుకురసం వాసన.

ఆ మూలను దగ్గరగా చూద్దామని దిగి బురదలో మోకాలి దాకా కూరుకుపోయాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

లీజుదారుడి భార్య గట్టు మీదినుంచి, "ఎడంకాలి జోడొకటే సదివించేరేటి బాబూ? కుడికాలిది కూడా ఏసేయండి, సెరువు తొడుక్కుంటాది," అంది. ఊళ్ళో ఎవరూ పలకరించని మనిషి. ఆమె నవ్వుతుంటే నా చెప్పు పోయినందుకు నాకేమీ బాధ కలగలేదు.

ఒంటి చెప్పుతో, తరువాత అదీ విప్పి, ఆ మూలలో చెరువులో కలిసే పిల్ల కాలువ వెంట నడిచాం. మా పటంలో ఆ కాలువే లేదు. పాత పటాల్లోంచి మేము కంప్యూటరులోకి ఎక్కించుకున్న వాటిలో పెద్ద కాలువలే ఉన్నాయి. చెరుకు తోటల మధ్యగా సరిగ్గా ఆరు వందల నలభై మీటర్లు నడిచాక వరసగా ఏడు గానుగ పాకలు కనిపించాయి. చెరుకు ఆడి, రసాన్ని పెద్ద ఇనుప పెనాల్లో కాచి బెల్లం దిమ్మలు పోసే పాకలు. రసం కాగేటప్పుడు పైకి తేలే మడ్డిని గరిటెలతో తీసేస్తారు. సాయంత్రం పని అయ్యాక పెనాలు కడుగుతారు. ఆ మడ్డి, ఆ కడుగునీళ్ళు, ఏడు పాకలవీ, కాలువలోకి. కాలువ చెరువులోకి. తీపి పదార్థం నీటిలో కలిస్తే సూక్ష్మజీవులకు పెళ్ళిభోజనం. తెల్లవారేసరికి ఆ మూలలో ఆక్సిజన్ మొత్తం ఊడ్చేస్తాయి.

మొదటి పాక సర్పంచిది.

ఆయన మమ్మల్ని చూసి సంతోషంగా ఎదురొచ్చాడు. అరవై ఏళ్ళ రైతు, పెద్ద గొంతు, చెయ్యి ఇంకా పెద్దది. "రండి బాబూ రండి, తల్లీ నువ్వూ రా. ఏటి, సెప్పులు లేకుండా తిరుగుతున్నారు? అరే, ఏడి బెల్లం అట్టుకురండ్రా!" ఆకులో వేడివేడి పాకం బెల్లం వచ్చింది. నేను తిన్నాను. కెమిస్టు తింది. డ్రైవరు రెండుసార్లు తిన్నాడు.

"దొంగ దొరికేడా బాబూ?" అన్నాడు సర్పంచి. "మా అల్లుడి వరసోడే. అయినా సెరువులో మందెట్టినోడు ఎవుడైతేనేం."

నోటి నిండా ఆయన బెల్లం ఉన్నందువల్ల జవాబు చెప్పే అవసరం తప్పింది.

తిరుగు ప్రయాణంలో కెమిస్టు, ఒక్క తెల్లవారి కొలతతో ఏదీ రుజువు కాదని గట్టిగా చెప్పింది. పాకల వల్లనే అని చెప్పాలంటే, పాకలు పనిచేయని రోజు కూడా కొలవాలి. సీజన్‌లో పాకలు ఎప్పుడు ఆగుతాయి? ఆపమని మేము అడిగితే సంగతి బయటపడి, ఊరంతా తలోమాటా అనుకుంటుంది.

డ్రైవరు స్టీరింగు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "ఎల్లుండి అమాస సార్," అన్నాడు. "ఈ ఊళ్ళో అమాసనాడు పెనం పొయ్యి మీదెట్టరు. ఆళ్ళ తాతలనాటి కట్టడి. మా అత్తోరిదీ ఇటేపే."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతనికి ఎవరూ శాస్త్రీయ సలహాదారు హోదా ఇవ్వలేదు. ఆ వారం నా దృష్టిలో ఆ హోదా అతనిదే.

వరసగా ఐదు తెల్లవారుజాములు కొలిచాం. ఈశాన్య మూలలో మొదటి మూడు రోజుల అంకెలు 0.9, 1.1, 0.8. రెండో రోజు మా కళ్ళ ముందే మరికొన్ని చేపలు పోయాయి. లీజుదారుడు వాటిని ఏరి తూకం వేయించి నాచేత రాయించాడు. నాలుగోది అమావాస్య మరునాటి తెల్లవారు. ముందురోజు ఏడు పాకల్లో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. మీటరు 3.9 చూపింది. కెమిస్టు తెప్ప మీదినుంచి ఆ అంకెను మూడుసార్లు అరిచింది, నాకు వినబడలేదనుకుని. నాకు మొదటిసారే వినబడింది. మళ్ళీ వినాలనిపించి ఊరుకున్నాను. ఐదో తెల్లవారు, పాకలు మళ్ళీ పనిచేశాక, 1.2.

ఇక సమావేశం. పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసులో అనుకున్నారు. నేను సర్పంచిని కలిసి, ఉదయం ఐదున్నరకు చెరువు గట్టు మీద పెట్టమని బతిమాలాను.

"ఐదున్నరకా? ఆ ఏళప్పుడు మా గేదెలే లెగవ్వు బాబూ."

"చేపలు లేస్తాయండి. దాని కోసమే."

ఆయన గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. ఆ ముందు సాయంత్రం కెమిస్టు అలుగు నీటితో రెండు సీసాలు నింపింది. ఒకటి ఉత్త నీరు. రెండోదానిలో సర్పంచి పాకనుంచి మా డ్రైవరు అడిగి తెచ్చిన మడ్డి ఒక చెంచా. రెండింటికీ గాలి చొరకుండా మూతలు బిగించి, గుడ్డ చుట్టి, పక్కపక్కనే పెట్టింది.

ఉదయం 5 గంటల 34 నిమిషాలు. గట్టు మీద ముప్పై మంది దాకా, దుప్పట్లు కప్పుకుని, తలపాగాలు చుట్టుకుని, నా మీద చిరాకుతో. లీజుదారుడు అందరికీ దూరంగా తన తెప్ప పక్కన నిలబడ్డాడు. సర్పంచి నా పటం విప్పి, "ఇదిగో, గవర్నమెంటు బొమ్మ. సెరువు పచ్చగుంది. మరి సేపలెందుకు సచ్చేయో ఈడే సెప్పాల," అని మొదలుపెట్టాడు.

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను చాలా సమావేశాల్లో మాట్లాడాను. ఇంత చిన్న ప్రసంగం ఎప్పుడూ చేయలేదు. "ఆ పటం గీసింది నేను. ఈ చెరువుకు వేసిన రంగు తప్పు. నేను పదకొండు గంటలకు, రోడ్డు పక్కన నిలబడి కొలిచాను. చేపలు ఐదు గంటలకు, ఆ మూలన చనిపోతున్నాయి."

దుప్పట్లు సర్దుకుని అందరూ నా వైపు తిరిగారు. తరువాత ఒక ముసలాయన, "గవర్నమెంటోడు తప్పు నాదని సెప్పడం పుట్టి బుద్ధెరిగి ఇదే సూడ్డం. ఇందుకైనా లెగిసొచ్చినందుకు ఫలితం దక్కింది," అన్నాడు. నవ్వులు లేచాయి. చిరాకు సగం తగ్గింది.

మీటరును సర్పంచి చేతికే ఇచ్చాం. అలుగు దగ్గర ఆయనే ముంచాడు: 4.5. తెప్ప ఎక్కి, గట్టు మీది వాళ్ళ ఎత్తిపొడుపుల మధ్య ("బావా, కిందా మీదా సూసుకో, తెప్ప మునిగితే సెరువు పొంగుద్ది!") ఈశాన్య మూలకు పోయి ముంచాడు: 1.0. ఆయనే అంకెను పైకి చదివాడు. ఆయన తిరిగొచ్చాక కెమిస్టు రెండు సీసాలూ తెరిచింది. ఉత్త నీటి సీసాలో 6.1. మడ్డి చెంచా వేసిన సీసాలో 0.2.

"ఇందులో ఏటి కలిపేవు తల్లీ?" అన్నాడు సర్పంచి.

"మీ పాకలో మడ్డి, ఒక్క చెంచా. నిన్న సాయంత్రం మీరే ఇచ్చారు కదండీ, మా డ్రైవరుగారికి."

సర్పంచి డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు చెరువు వైపు చూశాడు. అమావాస్య అంకె నేను చదివాను, ఐదు రోజులవీ వరసగా. పెనం పెట్టని రోజు 3.9 అన్నప్పుడు గట్టు మీద ఉన్న ఏడు పాకల వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు రసాయన శాస్త్రం అక్కరలేకపోయింది. అమావాస్య చాలింది.

అప్పుడు లీజుదారుడి భార్య ముందుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె సర్పంచితో, "అదే మామా, నానూ అనుకున్నాను. మీ బెల్లం తిని తిని మా సేపలకి సుగరొచ్చీసింది. మాత్తర్లెట్టాలని తెలక సంపేసుకున్నాం," అంది.

ముందుగా నవ్విన గొంతు సర్పంచిదే. ఆ పెద్ద గొంతు చెరువు అవతల దాకా పోయింది. మిగిలినవాళ్ళు అప్పుడు నవ్వారు.

తరువాత సంగతి తేలింది. ప్రతి పాకకూ వెనక మడ్డి గొయ్యి ఉండేది. మడ్డిని గేదెల దాణాలో కలిపేవారు, మిగిలింది పెంటలో వేసి పొలానికి తోలేవారు. ఆ ఏడాది పాకల వెనకగా సిమెంటు రోడ్డు పడి గోతులన్నీ పూడిపోయాయి. "నాలుగు రోజులే కదా, మళ్ళీ తవ్వుకుందాం అనుకున్నాం బాబూ," అన్నాడు సర్పంచి. "పనుల్లో పడి అలా ఉండిపోనాది." నేను ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. తొమ్మిదిన్నర జీపు గురించి నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను.

లీజు రద్దు మాట ఎవరూ ఎత్తలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. అక్కడ అది ఆచారం కాదు. సర్పంచి లీజుదారుడి భుజం మీద ఆ పెద్ద చెయ్యి వేసి, "అల్లుడా, ఒక బొచ్చె అట్టుకురా ఇంటికి. మీ అత్త వండుతాది. నువ్వూ తినేసే ఎల్లాలి," అన్నాడు. అతను తలొంచుకుని తెప్ప తాడు విప్పుతూ, "వత్తాను మామా," అన్నాడు. ఆ రెండు మాటలు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. భార్య మాత్రం అప్పటికే చెంగు దోపుకుని వల సర్దుతోంది. మూడు రోజుల్లో ఏడు గోతులూ తయారయ్యాయి. పన్నెండో రోజు తెల్లవారు ఆ మూలలో మీటరు 4.2 చూపింది.

పటం వెనక్కి తీసుకోవడం చెరువు బాగుచేయడం కన్నా కష్టమైంది. మా పై అధికారి మూడు రోజులు ముభావంగా ఉన్నారు. తరువాత తానే ఫ్రేము విప్పించారు. దుమ్ము పట్టని గోడ ముక్క ఒకటి చాలాకాలం ఆయన తల వెనక దీర్ఘచతురస్రంగా మిగిలింది. కొత్త పటానికి మా పట్టికలో రెండు వరసలు చేర్చాం: నమూనా తీసిన గంట, రోడ్డునుంచి దూరం. ముప్పై ఎనిమిది చోట్లకు మళ్ళీ వెళ్ళాం, ఈసారి తెల్లవారుజామునే, రాతపూర్వక అనుమతితో. వాటిలో ఇరవై తొమ్మిది మునుపటి రంగులోనే నిలిచాయి. తొమ్మిది మారాయి. కొన్ని చోట్లకు మేము వెళ్ళలేదు; అక్కడ కంప్యూటరును రంగు వేయనివ్వలేదు. ఆ భాగాలు పటంలో తెల్లగా ఉంటాయి. ఈ తెలుపు ఏమిటని ఎవరైనా అడిగితే, తెలియదు అని జవాబు. పటం మీద ఆ మాటకూ ఒక రంగు ఉండాలి. నేను నేర్చుకున్నది ఇంతే. మీరు నాకంటే ముందే నేర్చుకుంటే సంతోషం.

ఖర్చులూ నష్టాలూ ఇవి. అదనంగా వాడిన డీజిలు అరవై ఒక్క లీటర్లు. పగిలిన సీసాలు రెండు. పోయిన చెప్పు ఒకటి, ఎడమకాలిది. రద్దు చేసిన పటాలు పెద్దవి పన్నెండు, ఫ్రేము ఒకటి. పనికిరాకుండా పోయిన శ్రమ, ముగ్గురు మనుషులది, పదకొండు నెలల్లో సుమారు ఆరు నెలలు. పోయిన లీజులు లేవు. చనిపోయిన చేపలు నాలుగు విడతలుగా నాలుగు వందల పన్నెండు కిలోలు. అందులో అర్జీకి ముందు పోయినవి రెండు వందల యాభై రెండు. నా పచ్చ పటం జవాబుగా వెళ్ళిన తరువాత పోయినవి నూట అరవై.